కేజీకి ఎంత పౌనఃపున్యం

నాకు ఫోన్ల మీద కోపం లేదు. ఫోన్‌లో చూసి రాసుకొచ్చి, ఎక్కడ చూశావమ్మా అంటే "నెట్‌లో అండి" అనే జవాబు మీద కోపం. నెట్ ఏమైనా మా వీధి చివర కిరాణా కొట్టా, వెళ్ళి అడిగి రావడానికి? అందులో ఏ మూల, ఎవరు రాసింది, ఎందుకు రాసింది అని అడిగితే పిల్లలు నన్నే జాలిగా చూస్తారు. ఈ మేడమ్ గారికి నెట్ అంటే తెలీదు కాబోలు అనుకుంటారు.

కాకినాడకీ ద్రాక్షారామానికీ మధ్య ఒక చిన్న ఊళ్ళో డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. ఇన్నేళ్ళుగా చెబుతున్నా మా వీధివాళ్ళకి నేను లెక్కల మేడమ్‌నే. సాంఖ్యక శాస్త్రం వేరు, లెక్కలు వేరు అని మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. పాలబ్బాయి దగ్గర కూడా చెప్పాను. ఇప్పుడు మానేశాను.

పిల్లలు నెట్ నుంచి మోసుకొచ్చే సరుకు ఎలాంటిదో చెబితే గానీ నా బాధ మీకు తెలియదు. ఇంగ్లీషులో మీన్ అనే మాటకి సగటు అనీ అర్థం ఉంది, నీచుడు అనీ అర్థం ఉంది. ఏ యంత్రం తర్జుమా చేసిందో గానీ, ఒక ఏడాది మా పిల్లల రికార్డుల్లో మధ్యమ విచలనం కాస్తా "నీచ విచలనం" అయి కూర్చుంది. ఒకరు కాదు, వరసగా బెంచీ బెంచీ అంతా అదే రాశారు. ఇంకో ఏడాది భ్రామకాలు చెప్పినప్పుడు, ఇంగ్లీషులో వాటిని మూమెంట్స్ అంటారు కదా అని, "మొదటి క్షణం, రెండవ క్షణం, మూడవ క్షణం" అని రాసుకొచ్చారు. ఇంటికి వెళ్ళి మా ఆయనకి చెప్పడం నాదే బుద్ధి తక్కువ. ఆ వారమంతా "నీచ విచలనం గారూ, కాఫీ అయిందా?" అంటూ నా చుట్టూ తిరిగారు.

అప్పుడే క్లాసులో ఒక కట్టడి పెట్టాను. నెట్‌లో చూడండి, వద్దనను. కానీ ఎక్కడ చూశారో జవాబు అడుగున రాయండి. అది లేకపోతే ఎర్ర పెన్నుతో "మూలం?" అని రాస్తాను, మార్కు వెయ్యను. పిల్లలు నాకు మూలం మేడమ్ అని పేరు పెట్టారని తరవాత తెలిసింది. పెట్టుకోనీ, పైల్స్ డాక్టర్ లాగా వినబడుతోందని మా ఆయన నవ్వినా నేను వెనక్కి తగ్గలేదు.

ఈ మధ్య డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకునే పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అందరికీ కంప్యూటర్స్ కావాలి. వచ్చిన కొద్దిమందిలో ప్రశ్న అడిగేవాళ్ళు ఇంకా తక్కువ. నేను చెబుతున్నది ఆ కొద్దిమందిలో ఒక అమ్మాయి గురించి.

యానాం దాటాక సముద్రం పక్కనున్న పల్లె వాళ్ళది. తండ్రి సముద్రంలో చేపల వేటకి వెళ్తాడు. తల్లి చుట్టుపక్కల చెరువుల్లో పెంచిన రొయ్యలు పట్టే రోజున వాటిని ఏరే పనికి వెళ్తుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇక్కడికి వచ్చాక అన్నీ ఇంగ్లీషు. అయినా ఆ పిల్ల మొదటి నెలలోనే ఒక ప్రశ్న వేసింది. విస్తృతి లెక్క కట్టేటప్పుడు సగటు నుంచి ప్రతి అంకె ఎంత దూరమో చూసి, ఆ దూరాన్ని వర్గం చేస్తాం. "ఎందుకండి వర్గం చెయ్యడం? మైనస్ గుర్తు పోవడానికే అయితే, ఆ గుర్తు తీసేసి కలుపుకుంటే పోయేది కదండి?" అంది. ఈ ప్రశ్న పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అడగకుండా దాటిపోతారు. ఆ రోజు నేను బస్సులో సీటు దొరక్కపోయినా నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాను.

అలాంటి పిల్ల ఇంటర్నల్ పరీక్షలో రాసిన పేపరు చూసి నాకు మతి పోయింది. ప్రశ్న చాలా తేలిక. కొన్ని మామిడికాయల బరువులు ఇచ్చాను. బరువును బట్టి వాటిని కుప్పలుగా విడదీసి, ఏ కుప్పలో ఎన్ని కాయలు పడ్డాయో రాయాలి. ఆ ఎన్ని అనేదే ఆ కుప్ప పౌనఃపున్యం. అంతకంటే ఏమీ లేదు. ఈ పిల్ల కుప్పలు సరిగ్గానే విడదీసింది, కాయలు సరిగ్గానే లెక్కపెట్టింది. ఆ తరవాత ఆ సంఖ్యని కుప్ప మొత్తం బరువుతో భాగించి, ప్రతి కుప్ప పక్కనా దశాంశాలు వేసి పెట్టింది. పళ్ళెంలో ఎన్ని కాయలున్నాయి అంటే నాలుగూ పాయింటు మూడు అని ఎవరైనా అంటారా? అక్కడితో ఆగిందా, కింద ఒక సూత్రం కూడా రాసింది: కాయ పెద్దదయ్యే కొద్దీ పౌనఃపున్యం తగ్గును.

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడో ఏదో చెత్త పేజీ ఈ బంగారంలాంటి పిల్లని పాడు చేసిందని మండింది. క్లాసులో ఆ సూత్రం చదివి వినిపించి, ఇది ఏ పేజీలోదమ్మా అని అడిగాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల లేచి నిలబడి, రెండు పేజీలు చూశానండి, రెండూ మంచివేనండి, అంది. మంచి పేజీలైతే ఇలా ఎందుకొస్తుంది, నెట్‌ని గుడ్డిగా నమ్మొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నానా లేదా అన్నాను. కూర్చుంది. ఆ తరవాత ప్రశ్నలు అడగడం మానేసింది.

వారం తిరక్కుండానే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది.

"మేడమండి, సంతకం కావాలండి."

స్టాటిస్టిక్స్ నుంచి కంప్యూటర్స్‌కి మారడానికి దరఖాస్తు. దాని మీద నేను సంతకం పెడితే చాలు, వెళ్ళిపోతుంది. ఎందుకమ్మా అంటే రావట్లేదండి అంది. వచ్చు నీకు, అన్నాను. తల అడ్డంగా ఊపింది. కాస్త గట్టిగా అడిగేసరికి, తలెత్తకుండా చెప్పింది.

"మా ఇంట్లో అడగడానికి ఎవరూ లేరండి. రాత్రి డౌటొస్తే నెట్‌నే అడుగుతానండి. అదీ నమ్మకూడదంటే ఇంకెవర్నడగనండి?"

నా చదువు రోజుల్లో లైబ్రరీ ఉంది, అర్ధరాత్రయినా విసుక్కోకుండా చెప్పే అన్నయ్య ఉన్నాడు. ఈ పిల్లకి ఉన్నది ఆ చిన్న గాజు పలకే. దాన్ని లాక్కుని, దాని బదులు ఏమిచ్చాను నేను? "మూలం?" అని ఎర్ర సిరా. మనసు చివుక్కుమంది. సంతకం సంగతి సోమవారం నాడు చూద్దాంలే, ముందు ఆ రెండు పేజీలూ చూపించు, అన్నాను. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

మొదటిది తెలుగు పేజీ. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞానసర్వస్వం ఉంది కదా, అందులోది. సరిగ్గా ఆ ఎవరైనా అన్న మాట వల్లే నాకు దాని మీద అనుమానం. కళ్ళజోడు సర్దుకుని, తప్పు దొరికితే పట్టుకుందామని అక్షరం అక్షరం చదివాను. పౌనఃపున్యం అంటే ఒక సెకనులో ఎన్ని కంపనాలు జరుగుతాయో ఆ సంఖ్య, అని ఉంది. ధ్వని గురించి, తరంగాల గురించి చక్కగా రాశారు. అడుగున పుస్తకాల పేర్లు కూడా ఇచ్చారు. తప్పేమీ లేదు. కాకపోతే అది భౌతికశాస్త్రం పేజీ. పౌనఃపున్యం అన్న మాట వాళ్ళకీ మా సాంఖ్యక శాస్త్రానికీ ఒకటే.

రెండోది ఇంగ్లీషు పేజీ, పేరున్న యూనివర్సిటీ వాళ్ళు పిల్లల కోసం పెట్టింది. అందులో ఒకే ఒక్క వాక్యం: ఫ్రీక్వెన్సీ అంటే కౌంట్, అంతే. ఇదీ నిజమే. నేనైనా అంతకంటే బాగా చెప్పలేను. చెత్త పేజీ దొరుకుతుంది, దాన్ని తిట్టి, ఈ పిల్లని నిలబెట్టుకోవచ్చు అనుకున్న నాకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. రెండు పేజీలూ మంచివేనండి అని ఆ పిల్ల చెప్పింది నిజమే. మరి ఆ దశాంశాలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

ఏం చెయ్యాలో తోచక, ఊరికే, మాట వరసకి అడిగాను.

"కౌంట్ అంటే ఏంటమ్మా?"

ఇంత పెద్ద మేడమ్‌కి ఇది కూడా తెలీదా అన్నట్టు చూసింది.

"కేజీకి ఎన్ని తూగితే అంత కౌంటండి."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. మా వైపు రొయ్యల చెరువుల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళకి కౌంట్ అంటే లెక్కపెట్టడం కాదు. కేజీకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. కౌంటు ఎంత తగ్గితే రొయ్య అంత పెద్దది. కౌంటు తగ్గిందంటే ఆ ఇంట్లో అందరి మొహాలూ వెలుగుతాయి. ఈ పిల్ల బడిలో ఆ మాట వినకముందే అమ్మ నోట వేలసార్లు వినుంటుంది. ఇంగ్లీషు పేజీలో కౌంట్ అని ఉంటే, కేజీకి ఎన్ని అనుకుంది. సరేనా కాదా అని తెలుగు పేజీలో చూస్తే అక్కడ సెకనుకి ఎన్ని అని ఉంది. సెకనుకి ఎన్ని, కేజీకి ఎన్ని, రెండూ ఒకే పోలిక. గుడ్డిగా నమ్మొద్దని నేను చెప్పినట్టే, ఒక పేజీని ఇంకో పేజీతో సరిచూసుకుంది పాపం. రెండు ఒప్పులు కలిపి తప్పు తెచ్చుకుంది. కాయ పెద్దదయ్యే కొద్దీ పౌనఃపున్యం తగ్గును! మామిడికాయల్ని రొయ్యలు చేసి చూస్తే అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

నేను కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే ఆ పిల్ల బెదిరిపోయింది. నిన్ను చూసి కాదమ్మా, అన్నాను. నిజానికి నాకు ఆనందంగా ఉంది. ఆ పిల్ల బుర్ర పాడవలేదు, నేను అనుకున్నదానికంటే బాగా పనిచేస్తోంది. కానీ అప్పటికప్పుడు నోటితో చెబితే ఆ కేజీ బుర్రలోంచి పోతుందన్న నమ్మకం నాకు లేదు. రేపు క్లాసుకి రా, ఆ తరవాత నీ ఇష్టం, అని పంపించాను.

మర్నాడు పొద్దున్నే మా ఆయన్ని చేపల బజారుకి తరిమాను. ఐసు వేసి, చెరువుల్లో పెంచే వనామీ రొయ్యలు తెచ్చారు. చిన్నవీ పెద్దవీ కలిపి తెమ్మన్నాను, అలా కలిపి అడిగేవాళ్ళు ఎవరూ ఉండరని బజారులో నవ్వారట. కెమిస్ట్రీ ల్యాబ్‌లో త్రాసు అడిగితే ఆ మేడమ్ గారు ఎందుకండీ అన్నారు, రొయ్యలకి అన్నాను. ఆవిడ చాలాసేపు నా మొహంలోకి చూసి, కడిగి ఇవ్వాలండీ మరి, అన్నారు.

బల్ల మీద పాత పేపర్లు పరిచి, పిల్లల్ని చుట్టూ నిలబెట్టాను. పట్నం పిల్లలు ముక్కు మూసుకున్నారు. ఒక్కో రొయ్యనీ తూచడం, బరువును బట్టి దాని కుప్పలో వెయ్యడం. వాసన వరండా దాటి ఆఫీసు దాకా వెళ్ళినట్టుంది, ప్రిన్సిపాల్ గారు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. ఏంటండీ ఇది అని అడిగారు. పౌనఃపున్యం అండీ అన్నాను. సరే కానివ్వండి అని వెళ్ళిపోయారు. ఆయనది తెలుగు సాహిత్యం.

కుప్పలన్నీ అయ్యాక, నేను నోరు తెరవకుండా ఆ పిల్ల వైపు చూశాను. ఆమె పెద్ద రొయ్యల కుప్ప దగ్గర నిలబడి, తరవాత చిన్నవాటి దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక్కో కుప్పలో ఎన్నున్నాయో పెదాలు కదిపి లెక్కపెట్టింది.

"అంటే, ఇందులో ఎన్నున్నాయో అదేనా అండి? కేజీతో పనే లేదా?"

లేదన్నాను. మరి ఆ సెకను పేజీ ఏంటండి అంది. అప్పుడు చెప్పాను: ఆ మాట పునః పునః అనే దాంట్లోంచి వచ్చింది, మళ్ళీ మళ్ళీ రావడం అని. భౌతికశాస్త్రం వాళ్ళు సెకనులో ఎన్నిసార్లు మళ్ళీ వచ్చిందో చూసుకుంటారు. మనం ఉన్న మొత్తంలో ఎన్నిసార్లు వచ్చిందో చూసుకుంటాం. ఆ పేజీ అబద్ధం చెప్పలేదు, అది మన ఇల్లు కాదు, పక్కింట్లోకి వెళ్ళి అన్నం పెట్టమన్నావు. ఆ పిల్ల నవ్వింది. ఇన్ని రోజుల తరవాత నవ్వింది. నవ్వుతూనే, ఆ పేజీలో ఈ ముక్క రాసుండాలి కదండి, నాలాంటోళ్ళు ఇంకెంతమంది చదువుకుని మోసపోయారో, అంది. ఎవరైనా దిద్దొచ్చమ్మా దాన్ని, అదే కదా నా భయం, అన్నాను. ఎవరైనా అంటే నేను కూడానా అండి అని అడిగింది. నువ్వు కూడానే అని చెప్పి, చేతులు కడుక్కోమని పిల్లలందర్నీ పంపించేశాను. ఆ మాట నేను అక్కడే మర్చిపోయాను.

ల్యాబ్ త్రాసు మీద తూచిన రొయ్యలు తన నోట్లోకి వెళ్ళవని మా ఆయన ప్రకటించారు. ఇగురు పొయ్యి మీద ఉండగా రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూశారు. మూడోసారి పళ్ళెంతో వచ్చారు.

సోమవారం వచ్చింది. ఆ పిల్ల క్లాసుకి వచ్చింది, ముందు బెంచీలో కూర్చుంది, సంతకం ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. అడిగితే గుర్తు చేసినట్టు అవుతుందని భయం. గ్రూపు మారడానికి గడువు ఆ శుక్రవారం దాకా ఉంది. అర్థం కావడం వేరు, ఉండిపోవడం వేరు అని నాకు తెలుసు. క్లాసులో నవ్వులపాలైన పిల్లకి పాఠం అర్థమైనంత మాత్రాన ఆ నవ్వు మర్చిపోవాలని లేదు. ఆ పిల్ల ఉండిపోతే కొండెక్కి వ్రతం చేయించుకుంటానని అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కేసుకున్నాను. సంభావ్యత పాఠాలు చెప్పే మనిషివి మొక్కుకోవడమేంటని మా ఆయన వేళాకోళం. సంభావ్యత చెబుతాను కాబట్టే మొక్కుతున్నాను, ఏమీ తెలియకపోతే ధీమాగా ఉండేదాన్ని, అన్నాను.

శుక్రవారం భోజనాల వేళ నేను క్యారేజీ విప్పుతున్నాను. గుమ్మం దగ్గర అదే గొంతు.

"మేడమండి, సంతకం కావాలండి."

మొహం మామూలుగా పెట్టుకుందామని చూశాను, కుదిరిందో లేదో తెలియదు. లోపలికి రామ్మా అన్నాను. క్యారేజీ పక్కకి జరిపి, బ్యాగులోంచి పెన్ను తీసి, మూత తీశాను. ఇంత మంచి పిల్లని ఇంక ఆపే హక్కు నాకు లేదు. ఇన్నాళ్ళ సర్వీసులో ఇలాంటి పిల్ల మళ్ళీ దొరుకుతుందా అనిపించింది. ఏదమ్మా, ఇలా ఇవ్వు, అని చెయ్యి చాపాను.

నా చేతిలో కాగితం పెట్టలేదు. ఫోను పెట్టింది.

ఆ తెలుగు పేజీయే. పైన కొత్తగా ఒక వాక్యం ఉంది: ఈ పేజీ భౌతికశాస్త్రంలోని పౌనఃపున్యం గురించి. దాని కింద, సాంఖ్యక శాస్త్రంలో అదే మాటకి అర్థం వేరు అని ఒక చిన్న పేరా. అందులో రొయ్యలు, కుప్పలు. కేజీకి ఎన్ని తూగాయన్నది పౌనఃపున్యం కాదు, దాన్ని కౌంటు అంటారు, అని ప్రత్యేకంగా ఒక ముక్క. ఆ పేరా చివర ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి తగిలించిన చీటీ ఒకటి. మూలం కావాలి, అని ఉంది దాని మీద.

నేను ఎర్ర పెన్నుతో రాసే మాట నన్నే ఎదురుగా నిలబడి చూసింది. ఎవరైనా రాయగల చోటు అని ఇన్నాళ్ళూ ఈసడించుకున్నాను. అక్కడ కూడా నాలాంటి పంతులమ్మ ఒకావిడ కూర్చునుందని నాకు తెలియదు.

ఆ పిల్ల బెదరలేదు. లైబ్రరీలో అడుగు అరలోంచి తెలుగు మీడియం వాళ్ళ పాత స్టాటిస్టిక్స్ పుస్తకం వెతికి తీసి, అందులో పౌనఃపున్యం ఉన్న పేజీ పట్టుకుని, ఆ సైటులో ఆ పేజీ గురించి చర్చ జరిగే చోట జవాబు టైపు చేసింది. అంతా అయ్యాక, మీ జవాబు కింద సంతకం చేయండి అని ఆ సైటు అడిగిందట.

"ఫోన్‌లో సంతకం ఎలా పెట్టాలండి?" అంది.

నాకూ తెలియదు. ఇద్దరం కలిసి సహాయం పేజీ వెతుక్కున్నాం. అలలాంటి చిన్న గీత ఒకటి ఉంటుందట, దాన్ని వరసగా నాలుగుసార్లు నొక్కితే అదే సంతకమట. ఆ గీత కీబోర్డులో ఎక్కడుందో దొరక్క ఇద్దరం కాసేపు తంటాలు పడ్డాం. చివరికి ఆ పిల్లే పట్టుకుంది. నొక్కింది. ఆమె పెట్టుకున్న పేరూ, ఆ వేళా జవాబు కింద వచ్చి నిలబడ్డాయి.

నా పెన్ను ఇంకా మూత లేకుండా చేతిలోనే ఉంది. ఇక ఆగలేక అడిగేశాను.

"మరి నువ్వు ఆ రోజు అడిగిన సంతకం సంగతేంటమ్మా?"

"ఏ సంతకం అండి?" అంది ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. తరవాత గుర్తొచ్చినట్టుంది, చెయ్యి అడ్డంగా ఊపింది. "అదా అండి, ఇప్పుడు కుదరదులెండి. మధ్యగతం పేజీలో కూడా ఏదో తేడాగా ఉందండి, అది చూడాలి."

నేను పెన్నుకి మూత పెట్టేసి, కుర్చీ ఆమె పక్కకి లాక్కున్నాను.

"ఏదీ, చూపించు," అన్నాను.